గాజు మీద కాటుక చుక్క

మా మెట్ల మలుపులో ఒక పాప నిద్రపోతూ ఉండేది. బంగారు పూత వెలిసిపోయిన పాత ఫ్రేములో, గాజు వెనకాల. స్టుట్‌గార్ట్ నుంచి ఎస్-బాన్‌ రైల్లో అరగంట ప్రయాణం చేస్తే వచ్చే చిన్న ఊళ్ళో, ఒక ముసలావిడ ఇంట్లో పై అంతస్తు మాది. కింద ఆవిడ ఒక్కతే ఉండేది. ఆ బొమ్మ వాళ్ళ ముత్తవ్వల కాలం నాటిదనీ, రంగు సుద్దలతో గీసినదనీ మేం ఇంట్లో దిగిన రోజే చెప్పింది. గాజుకి చెయ్యి తగలనివ్వద్దని కూడా చెప్పింది. సుద్ద కదా, గట్టిగా తలుపేసినా కొంచెం కొంచెం రాలుతుందట.

పాప తలకి లేసు కుట్టిన తెల్ల టోపీ. మొహం కొద్దిగా మనవైపు తిరిగి ఉంటుంది. పెదాలు విడీ విడనట్టు, ఇప్పుడే పాలు తాగి వదిలేసినట్టు. బుగ్గలు మాత్రం గులాబీ రంగు. దుప్పటి మీద ఒక చెయ్యి, ఆ చేతి కింద చిన్న తెల్లపూల రెమ్మ. కూరగాయల సంచులు మోసుకుంటూ ఎక్కేటప్పుడు ఆ మలుపులో ఆగి ఊపిరి తీసుకోవడం నాకు అలవాటు. ఆగినప్పుడల్లా దాన్ని చూసేదాన్ని.

నాకు నెల తప్పిందని తెలిసిన దగ్గర్నుంచీ అమ్మ వీడియో కాల్‌లో ఒకటే పోరు పెట్టింది. కడుపుతో ఉన్న మనిషి గదిలో అందమైన పిల్లల బొమ్మ ఉండాలి, పొద్దున లేస్తూనే ఆ మొహం చూడాలి, అప్పుడు అలాంటి బిడ్డే పుడుతుంది. నన్ను మోసేటప్పుడు తను మందుల షాపువాళ్ళిచ్చిన కేలెండరులో బొద్దు పిల్లాణ్ణి చూసేదట. మరి నేనిలా పుట్టానేం అనడిగితే, ఆ కేలెండరు మూడో నెలలోనే మీ నాయనమ్మ చించి పప్పు డబ్బాల కింద పరిచింది, నేనేం చెయ్యను అంది. బాలకృష్ణుడి పటం ఒకటీ, నవ్వే కవలపిల్లల పోస్టరు ఒకటీ గుంటూరు నుంచి చదువుకోడానికొస్తున్న ఎవరో అమ్మాయి పెట్టెలో పంపిస్తానంది.

నాకేమో ఆ పోస్టర్లంటే ఒళ్ళు మంట. నీలికళ్ళు, కంప్యూటర్లో దిద్దిన బుగ్గలు, కింద వంకర ఇంగ్లీషులో ఒక సూక్తి. అలాంటివి ఇక్కడ గోడకి పెడితే ఆఫీసువాళ్ళు భోజనానికొచ్చినప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలి? పెట్టుకుంటే ఏదో కళ ఉన్నది పెట్టుకోవాలనుకున్నాను. అప్పుడు మెట్ల మలుపులో పాప గుర్తొచ్చింది. జిహ్వకో రుచి, పుర్రెకో బుద్ధి అంటారు గదా, నా బుద్ధి అటు పోయింది.

కిందకెళ్ళి ముసలావిణ్ణి అడిగాను. బిడ్డ పుట్టేదాకా ఆ బొమ్మని నా పడగ్గదిలో పెట్టుకుంటాను, రోజూ చూసుకుంటాను అన్నాను. ఆవిడ నా పొట్టవైపు చాలాసేపు చూసింది. ఈ బొమ్మేనా, ఇదే కావాలా అని అడిగింది. ఈ ఇంట్లో దీనికంటే అందమైన బిడ్డ ఇంకెవరున్నారు అన్నాను, నాకొచ్చిన జర్మన్‌లో, చాలా గొప్పగా. ఆవిడ కళ్ళు చెమర్చాయి. తనకు పిల్లల్లేరు, అందుకని కాబోలు అనుకున్నాను. ఇంతవరకూ ఎవరూ తనని అలా అడగలేదని చెప్పి, మా ఆయన చేత బొమ్మని పళ్ళెంలా అడ్డంగా పట్టించి, తనే వెనక మెట్లెక్కి వచ్చి, హీటరుకి దూరంగా ఎక్కడ మేకు కొట్టాలో చూపించి వెళ్ళింది.

అమ్మకి ఫోన్లో చూపించాను. మొదట మొహం ముడుచుకుంది. కళ్ళు మూసుకున్న పిల్లేంటి, కళ్ళు తెరిచి నవ్వే పిల్ల దొరకలేదా అంది. తర్వాత బుగ్గలు చూసి మెత్తబడింది. అయినా పడుకున్న పిల్ల మొహంలోకి అదే పనిగా చూడొద్దు, బొమ్మైనా సరే, చూసీ చూడనట్టు చూడు అని జాగ్రత్త చెప్పింది. మా వైపు అది పెద్ద పట్టింపు. నిద్రపోయే బిడ్డ అందం కన్నతల్లి కూడా చూడకూడదు, అసలు అన్నిటికంటే తల్లి దిష్టే చెడ్డది అంటారు. చూడమని చెప్పేదీ తనే, చూడొద్దని చెప్పేదీ తనే అని నేను నవ్వాను. చూశాను మాత్రం. పొద్దున లేస్తూనే, రాత్రి దీపం తీసేముందూ, తృప్తిగా చూశాను. నా బిడ్డకి ఆ పెదాలు రావాలనుకున్నాను.

ఆరో నెల ఇంకా నిండనేలేదు. ఆఫీసులో మీటింగు మధ్యలో నడుం పట్టేసింది. కూర్చుని కూర్చుని అలా అయింది అనుకున్నాను. సాయంత్రానికి ఆస్పత్రిలో ఉన్నాను, మర్నాటి మధ్యాహ్నానికి నా కడుపు ఖాళీ అయింది. ఆడపిల్ల. ఏడుపు వినపడలేదు. ఆకుపచ్చ బట్టల వాళ్ళు పరుగులాంటి నడకతో ఏదో పట్టుకెళ్ళారు, అంతే నాకు కనపడింది. అప్పటికి ఇంట్లో ఒక్క జుబ్బా కూడా లేదు. పుట్టకముందు కొనకూడదని అమ్మ చెప్పింది, అదైనా విందాం అని కొనలేదు.

పిల్లని మొదటిసారి చూపించినప్పుడు నేను చూసింది పిల్లని కాదు. గాజు పెట్టె, దాని కన్నాల్లోంచి లోపలికి పోయే గొట్టాలు, పైన అంకెలు మారే తెర. మధ్యలో మా ఆయన చెప్పులో పట్టేంత ప్రాణం. మొహం మీద సగానికి పైగా పట్టీలు. ముక్కు దగ్గర గొట్టం నిలవడానికి అంటించిన పట్టీ బుగ్గలదాకా వచ్చింది, కళ్ళమీదకి టోపీ దిగింది. ఎవరో రిటైరైన పెద్దవాళ్ళు ఇంట్లో కూర్చుని అల్లి పంపిస్తారట, ఒక ఊలు ఆక్టోపస్ బొమ్మ పక్కన పడుకోబెట్టారు. దాని కాళ్ళు పట్టుకుంటే పిల్లలు గొట్టాలు లాక్కోరట. ఆ బొమ్మ నా కూతురికంటే లావుగా ఉంది.

అమ్మ టికెట్టు ముందుకి జరిపించుకుని వచ్చేసింది. ఒక పెట్టెలో బాలింతకి పెట్టే కాయం, వెల్లుల్లి కారం, సున్నుండలు, ఇంకోదాంట్లో పాత చీరలు చింపి కుట్టిన పొత్తిగుడ్డలు. ఆ గుడ్డ ఒకటి మడత విప్పితే నా కూతుర్ని ఆరుసార్లు చుట్టొచ్చు. అమ్మ ఆ గుడ్డల్ని చూసి, నన్ను చూసి, మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

ఆస్పత్రిలో తల్లితోపాటు ఇంకొకరిని రానిస్తారు. చేతులు మోచేతులదాకా కడుక్కుని, మందు రాసుకుని, అమ్మ గాజుపెట్టె దగ్గరకొచ్చింది. మొహం వంక చూడలేదు. పాదాల వంక చూసింది. నా బొటనవేలి గోరంత పాదాలు. చూసి, గట్టిగా, నర్సు కూడా తిరిగి చూసేంత గట్టిగా అంది:

"ఛీ, ఏం పిల్లే ఇది, కాకిపిల్ల. ఇట్టాంటి అనాకారి పిల్లని మా వంశంలో ఎవరూ కనలేదు."

నాకు తెలుసు, అలా అనాలి. బిడ్డ బాగుందంటే వినేవాళ్ళు వింటారు. మా చినమామ్మకి ఇద్దరు పోయాక పుట్టినవాణ్ణి పెంట మీద పడుకోబెట్టి తీసి పెంటయ్య అని పిలిచారు, ఆయన డెబ్బై దాటి బతికి ఊళ్ళో అందర్నీ ఏడిపించాడు. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు, ఇదేమో రాయి కాదు, ఊపిరితిత్తులు విచ్చుకోని పసిగుడ్డు. అమ్మ రోజూ వచ్చి రోజూ తిట్టేది. కాకిపిల్లా, ఎండ్రకాయా, నల్లమొహమా, నీ మొహానికి పాలొకటా. నేను చిన్న గొట్టంలో పాలు పట్టుకొస్తే నర్సు వాటిని బొట్లుబొట్లుగా ఎక్కించేది. అది అరిగితే మాకు పండగ, అరక్కపోతే మేమూ తినేవాళ్ళం కాదు.

దిష్టి చుక్క పెడతానంది అమ్మ. పిల్లకి ఏదీ రాయకూడదన్నారు. సరే అని, తన పర్సులోంచి కాటుక డబ్బా తీసి, పిల్ల బుగ్గకి ఎదురుగా వచ్చేట్టు గాజుపెట్టె బయటివైపున ఒక చుక్క పెట్టింది. నర్సు మందు నీళ్ళతో తుడిచేసింది. మర్నాడు అమ్మ మళ్ళీ పెట్టింది, వాళ్ళు మళ్ళీ తుడిచారు. నాకు సిగ్గేసి, ఎందుకొచ్చిన గొడవ అమ్మా, వాళ్ళు మనల్ని ఏమనుకుంటారు అన్నాను. అనుకోనీ, వాళ్ళు అనుకుంటే నా మనవరాలికి నొప్పా అంది. చివరికి ఒక పెద్ద నర్సు ఇదేంటని నన్నడిగింది. చెప్పాను. ఆవిడ నవ్వలేదు. ఆ రోజునుంచి పెట్టెంతా తుడిచి, ఆ చుక్క చుట్టూ మాత్రం తిప్పి వదిలేసేవాళ్ళు.

నేనూ మొహం వంక చూసేదాన్ని కాదు. అమ్మ మాట నమ్మి కాదు. నమ్మకం నాకెప్పుడూ లేదు, ఇంజనీరింగు చదివినదాన్ని, జ్వరమొస్తే మాత్ర వేసుకునేదాన్ని. కానీ చూడ్డానికి ధైర్యం లేదు. కళ్ళు అటుపోతే చాలు, పైన తెర మీద అంకె పడిపోతుందేమో అనిపించేది. ఒకట్రెండుసార్లు నిజంగానే పడిపోయింది, గంట మోగింది, నర్సు వచ్చి పాదం నిమిరి ఊపిరి గుర్తుచేసింది. ఇక నేను తెరనే చూస్తూ కూర్చున్నాను. మా ఆయన ఒకరోజు ఫోటో తీయబోతే ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టాను. కళ్ళు తెరిచాక తీద్దువుగానిలే అన్నాను. ఎప్పుడూ నిద్రే దానికి. కళ్ళు తెరిచిన ఒకటి రెండుసార్లూ నేను పాలు పట్టే గదిలో ఉన్నాను.

మా పడగ్గదిలో బొమ్మని అమ్మ వచ్చిన రోజే చూసింది, అప్పుడేం పట్టించుకోలేదు. కానీ పిల్లకి కొంచెం నెమ్మదించిన వారంలో, పాలు రెండింతలు చేసినప్పుడు, అమ్మకి దాని మీద గురి కుదిరింది. నువ్వు ఈ పిల్లని చూస్తూ మోశావు, ఈ పిల్ల పోలికే వచ్చి ఉంటుంది, ఆయుష్షూ ఈ పిల్లదే వచ్చి ఉంటుంది అంది. ఈ పిల్ల పెద్దదై ఎన్నేళ్ళు బతికిందో కిందావిణ్ణి అడుగు అంది. అని ఊరుకోలేదు. నాలుగు సున్నుండలు పళ్ళెంలో పెట్టుకుని, చీర మార్చుకుని బయల్దేరింది. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు నాకూ ఆ మాట పట్టుకోవాలనిపించింది. నూరేళ్ళ మాట ఒకటి ఎవరి నోటినుంచైనా వింటే చాలు అనిపించింది ఆ రోజుల్లో.

ముసలావిడ మమ్మల్ని వంటగదిలో కూర్చోబెట్టి కాఫీ పెట్టింది. పిల్ల ఎలా ఉందని అడిగింది. బాగుంది, పాలు అరుగుతున్నాయి అని చెప్పి, పై బొమ్మలో పాప ఎవరు, ఎంతకాలం బతికింది, మా అమ్మ తెలుసుకోవాలనుకుంటోంది అన్నాను.

ఆవిడ కాఫీ పోస్తున్నది ఆపింది. నా మొహంలోకి చూసి, నిజంగానే అడుగుతున్నానని అర్థం చేసుకోడానికి కాస్త టైము పట్టింది ఆవిడకి. కూజా కింద పెట్టేసింది.

"మీకు తెలుసనుకున్నాను," అంది. "అలాంటి బొమ్మలు అందుకే గీయించేవాళ్ళు. తెలిసీ అడిగారు, తెలిసీ మా పాపని రోజూ చూస్తానన్నారు అని నాకు ఎంతో గొప్పగా అనిపించింది."

ఆ పాప వాళ్ళ అమ్మమ్మకి అక్క. ఒక్క చలికాలమైనా పూర్తిగా చూడకుండా పోయింది. పోయిన మర్నాడు ఊళ్ళో బొమ్మలు నేర్పే మేష్టారిని పిలిపించారు. నూనె రంగులైతే రోజుల తరబడి ఆరాలి, అంత వ్యవధి లేదు, అందుకని సుద్దలు తెచ్చుకుని మంచం పక్కన కూర్చుని పొద్దుగూకేలోపల గీసి ఇచ్చాడు. పువ్వుల రెమ్మ చేతి కింద వాళ్ళు పెట్టిందే. బుగ్గలకి ఆ రంగు మాత్రం ఆయనంతట ఆయన వెయ్యలేదట, తల్లి అడిగి వేయించుకుందట. ఉన్నన్నాళ్ళూ పాలిపోయే ఉండేది, బొమ్మలోనైనా రంగు రానీ అని.

ఇవన్నీ ఆవిడ మెల్లగా, నాకు అర్థమయ్యే చిన్న చిన్న మాటల్లో చెప్పింది. ప్రతి మాటా అర్థమైంది. మూణ్ణెల్లు. మూణ్ణెల్లు పొద్దున లేస్తూనే నేను ఆ మొహం చూశాను, ఇలాంటి బిడ్డే కావాలి అనుకుంటూ చూశాను. పక్కనుంచి అమ్మ నా చున్నీ పట్టుకుని లాగుతోంది.

"ఏమందే? ఎన్నేళ్ళంట?"

"తొంభై దాటి బతికిందట," అన్నాను. "మునిమనవల్ని కూడా ఎత్తుకుందట."

అమ్మ లేచి రెండు చేతులూ ఎత్తి ఆవిడకి దణ్ణం పెట్టింది. నేనేం చెప్పానో తెలియని ఆ ముసలావిడ, దుఃఖానికి దణ్ణం పెడుతోందనుకుని, లేచి వచ్చి అమ్మ చేతులు పట్టుకుంది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. అమ్మ కళ్ళనిండా నీళ్ళు. ఆవిడకి మన పిల్లమీద ఎంత ప్రేమో చూశావా అని అమ్మ మెట్లెక్కుతూ మురిసిపోయింది. సున్నుండలు అక్కడే వదిలేసి వచ్చాం.

పైకి రాగానే అమ్మ ఏం చేసిందంటే, కాటుక డబ్బా తీసి, ఆ బొమ్మ గాజు మీద, పాప బుగ్గ దగ్గర, ఒక చుక్క పెట్టింది. తొంభై ఏళ్ళు బతికిన మహాతల్లికి నా దిష్టే తగిలేట్టుంది అంది. నేను వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో నోట్లో చున్నీ కుక్కుకుని ఏడ్చాను.

బొమ్మని దించుదామంటే అమ్మకి ఏం చెప్పాలి? ఉంచుదామంటే ఆ గదిలో ఊపిరాడదు. గాజుకి లోపల, ఫ్రేము అడుగున, గులాబీ రంగు పొడి సన్నగా పేరుకుని ఉండడం అప్పుడు చూశాను. ఇన్నాళ్ళు చూసి కూడా చూడలేదు. మెట్ల మీద కనపడినప్పుడు ముసలావిడ, తీసుకెళ్ళిపోనా అని అడిగింది. వద్దన్నాను, అదీ కటువుగా అన్నాను. ఆవిడ తప్పేం లేదు. కానీ ఎవరో ఒకరి మీద కోపం తెచ్చుకోకపోతే నేను నిలబడలేకపోయాను. బొమ్మ సంగతి మా ఆయనకి ఎస్-బాన్‌లో చెప్పాను. బొమ్మేం చేస్తుంది, నువ్వు చదువుకున్నదానివి అన్నాడు, సముదాయింపుగా. ఆ రాత్రినుంచి ఆయన నడుం నొప్పని చెప్పి హాల్లో సోఫాలో పడుకోవడం మొదలుపెట్టాడు. ఎవరి భయం వాళ్ళది.

అబద్ధం ఒకసారి నోరు దాటాక దానికి తోడు ఇంకోటి కావాలి. పిల్ల పొట్ట ఉబ్బింది. పాలు ఆపేశారు. పేగుకి ఇన్ఫెక్షన్ అన్నారు. అమ్మకి నేను కాస్త జలుబు చేసిందట అని చెప్పాను. పిల్ల రంగు మారింది. అది లైటు వల్ల అని చెప్పాను. ఆపరేషన్ చెయ్యాలంటే పిల్ల బరువు చాలదు, తట్టుకోలేదు అని డాక్టరమ్మ నా ఎదురుగా కూర్చుని, తొందరపడకుండా, నా కళ్ళలోకి చూస్తూ చెప్పింది. అమ్మకి, బరువు పెరిగాక చూద్దాం అంటోంది అని చెప్పాను. అమ్మ ప్రతిదానికీ తలూపేది. తలూపి, పాదాల దగ్గర నిలబడి, కాకిపిల్లా, నా దుంపతెంచడానికి పుట్టావే అని తిట్టేది. తిట్టేటప్పుడు గొంతు ఇదివరకంత పెద్దగా వచ్చేది కాదు.

మొక్కని దేవుడు లేడు. నడిచి కొండెక్కుతానన్నాను, గుండు కొట్టించుకుంటానన్నాను. ఆ ఊరి చర్చిలో కొవ్వొత్తి కూడా వెలిగించి వచ్చాను, మా ఆయనకి తెలియకుండా. తర్వాత తెలిసింది, ఆయనా వెలిగించాడని, నాకు తెలియకుండా. పిల్ల బతకాలి, అదొక్కటే. చూపు రాకపోయినా సరే, నడవకపోయినా సరే, చదువు రాకపోయినా సరే. మొదట్లో ఆ పెదాలు కావాలని అడిగిన మనిషిని, నా బేరం ఎంత కిందకి దిగిందో చూడండి.

ఆ రోజు మధ్యాహ్నం మమ్మల్ని మామూలు కుర్చీల్లో కాకుండా పెద్ద వాలుకుర్చీలో కూర్చోమన్నారు. గాజుపెట్టె చుట్టూ తెరలు లాగారు. మా ఆయనని ఆఫీసు నుంచి అప్పటికే పిలిపించారు. నా వెనక నిలబడ్డాడు. లోపలికి తల్లితోపాటు ఒక్కరే కదా రావాలి అని అమ్మ గుమ్మం దగ్గర ఆగిపోతే, పెద్ద నర్సే వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. దాంతోనే నాకు సగం అర్థమై ఉండాలి. నేను కానివ్వలేదు.

డాక్టరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని మాట్లాడింది. చెయ్యగలిగింది ఇంక లేదు, నొప్పి తెలియకుండా మందు ఇచ్చాం, గొట్టం తీసేసి మీ చేతికిస్తాం, మీ దగ్గర ఉండనివ్వండి అంది. మా ఆయన చెయ్యి నా భుజం మీద బరువెక్కింది. నేను విన్నాను. విని, అలవాటు ప్రకారం, అమ్మకి ఏం చెప్పాలా అని వెతుక్కుంటున్నాను. గొట్టం అవసరం తీరిందట, పిల్ల సొంతంగా ఊపిరి తీసుకుంటుందట. ఇదీ నేను కూడబలుక్కున్న వాక్యం. నోటిదాకా వచ్చింది.

ఈలోపు నర్సు పట్టీలు తీసింది. ఒక్కొక్క అంచూ నూనెతో తడిపి, చర్మం లేవకుండా తీసింది. టోపీ పైకి జరిపింది. చిన్న దుప్పటిలో చుట్టి నా మోచేతి మీద పెట్టింది. ఏమీ బరువు లేదు.

నేను ఇంకా అంకెల తెర వైపే చూస్తున్నాను. తెర ఆపేశారు, నల్లగా ఉంది, అయినా అటే చూస్తున్నాను.

అమ్మ పాదాల దగ్గర లేదు. నాకు ఎదురుగా వచ్చి, నేల మీద చతికిలబడి, నా మోకాలి మీద చెయ్యి ఆనించి, పిల్ల మొహంలోకి చూస్తోంది. వచ్చిన దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా చూడని మనిషి, రెప్ప వెయ్యకుండా చూస్తోంది. నుదురు చూసింది, కనుబొమలు చూసింది, ముక్కు చూసింది.

"ఎంత అందంగా ఉందే," అంది. "బంగారు తల్లి. మహాలక్ష్మి లాగా ఉందే నా తల్లి."

నేను ఇంకా ఏమీ చెప్పలేదు. ఒక్క ముక్క కూడా తెలుగులో చెప్పలేదు. ఖాళీగా ఉన్న చేత్తో అమ్మ నోరు మూసేశాను. దిష్టీ లేదు గిష్టీ లేదు అని జీవితమంతా ఆవిణ్ణి ఏడిపించినదాన్ని, అందరిముందూ ఆవిడ నోరు గట్టిగా నొక్కిపట్టాను.

"అనమాకమ్మా, అట్టా అనమాక. కాకిపిల్ల అను. అమ్మా, ఒక్కసారి కాకిపిల్ల అను."

అమ్మ నా చేతిని తోసెయ్యలేదు. రెండు చేతులతో పట్టుకుని, నోటి మీదనుంచి మెల్లగా తీసి, తీసుకెళ్ళి పిల్ల బుగ్గ మీద ఆనించింది. పట్టీ తీసినచోట బుగ్గ కందిపోయి ఎర్రగా ఉంది, వెచ్చగా ఉంది. నా గడ్డం పట్టుకుని మొహం కిందకి తిప్పింది.

"చూడవే," అంది. "కళ్ళారా చూసుకో. ఇంక మన దిష్టి దాన్నేం చెయ్యలేదు."